"లేచెను" అని పాడుతుంటే గొంతు పూడుకుపోతోంది అక్కా

ఈ వారం వచ్చిన ఉత్తరం. పేరు, ఊరు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టట్లేదు, పెద్దదిగా ఉంటే కొంచెం కుదించాను, మాటలు మాత్రం ఆవిడవే.

"అక్కా, వందనాలు. మాది తెనాలి పక్కన పల్లెటూరు, తాతల కాలం నుంచి లూథరన్ సంఘమే. నేను పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నా. పోయిన నవంబర్‌లో అమ్మ చనిపోయింది. కిడ్నీలు పాడై రెండేళ్ళు డయాలసిస్, వారానికి మూడుసార్లు. డయాలసిస్ కోసం ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు కదా, దాని మీద చెయ్యి పెడితే లోపల జుయ్‌మని కొట్టుకునేది, అది ఆగకూడదని డాక్టర్ చెప్పాడని రోజూ పడుకునే ముందు నేనే పట్టుకుని చూసేదాన్ని. ఇప్పటికీ నిద్రలో నా అరచేతికి అది తగులుతున్నట్టే ఉంటుంది. అమ్మ టైలర్. మా చర్చిలో కన్ఫర్మేషన్ తీసుకునే ఆడపిల్లల తెల్ల బట్టలన్నీ అమ్మే కుట్టేది. ఈస్టర్ పొద్దున సమాధుల తోటకి వచ్చినవాళ్ళందరికీ పెద్ద స్టీల్ క్యాన్‌లో టీ పెట్టి తీసుకెళ్ళేది.

ఆదరణ కూడికలో నేను ఏడుస్తుంటే పాస్టరమ్మగారు వచ్చి 'నిరీక్షణ లేనివాళ్ళలాగ ఏడవకూడదమ్మా, అమ్మ మహిమలో ఉంది, సంతోషించాలి' అన్నారు. అప్పటినుంచి ఎవరి ముందూ ఏడవట్లేదు. ఇప్పుడు ఈస్టర్‌కి ఊరు రమ్మంటున్నారు, క్వయర్‌లో పాడమంటున్నారు, చిన్నప్పటినుంచి పాడేదాన్నే కదా అని. ప్రాక్టీస్ వాట్సాప్‌లో పంపితే విన్నాను, 'లేచెను' అనే చోటికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. నేను నమ్మట్లేదని కాదు, నమ్ముతున్నా. కానీ సంతోషం రావట్లేదు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మాత్రం అసలు ఇదంతా నిజమేనా అని కూడా అనిపిస్తుంది, వెంటనే భయమేస్తుంది. మా పాప ఏడేళ్ళది, 'ఈస్టర్‌కి అమ్మమ్మ కూడా లేస్తుందా' అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలీక మాట మారుస్తున్నా. తమ్ముడేమో సమాధికి గ్రానైట్ వేయిద్దాం, నీ వాటా ఎనభై వేలు అంటాడు, మళ్ళీ వాడే ఈస్టర్‌కి తోటకెందుకు, అక్కడున్నది మట్టే కదా అంటాడు. మా అత్తగారు వాళ్ళు హిందువులు, ఆవిడ మంచిగానే 'మీకు సంవత్సరీకం లాంటిది ఏమీ ఉండదా అమ్మా' అని అడిగింది, దానికీ నా దగ్గర జవాబు లేదు. పునరుత్థానం అంటే సంతోషం అంటారు కదా అక్కా, మరి నాకెందుకు రావట్లేదు?"

చెల్లీ, వందనాలు. ముందు ఆ ఏడుపు సంగతి తేల్చేద్దాం, మిగతావన్నీ దాని వెనకాల ఇరుక్కుని ఉన్నాయి.

పాస్టరమ్మగారు చెప్పిన మాట పౌలు థెస్సలొనీక వాళ్ళకి రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలోది. అది ఎందుకు రాశాడో చూడు, ఆ ఊళ్ళో కొత్తగా నమ్మినవాళ్ళు ప్రభువు తొందర్లోనే వచ్చేస్తాడని ఎదురుచూస్తున్నారు, ఈలోపు వాళ్ళలో కొందరు చనిపోయారు, అయ్యో వీళ్ళు ఆ రోజు చూడకుండానే పోయారే, వీళ్ళ గతేంటి అని మిగతావాళ్ళు బెంగపెట్టుకున్నారు. ఆ బెంగకి జవాబు రాశాడాయన. నిరీక్షణ, అంటే మళ్ళీ లేస్తామన్న ఆశ, లేనివాళ్ళు దుఃఖపడే తీరులో మీరు పడక్కర్లేదు, చనిపోయినవాళ్ళు వెనకబడిపోరు, వాళ్ళే ముందు లేస్తారు అన్నాడు. అసలు దుఃఖమే వద్దు అని ఎక్కడా అనలేదు. ఆ అధ్యాయం ఆఖరి వచనం కూడా చదువు, "ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి" అని ఉంటుంది. ఓదార్చుకోడానికి ఇచ్చిన మాటలవి, మన కూడికల్లో ఏమో ఏడ్చేవాళ్ళ నోరు మూయించడానికి వాడుతున్నాం. పాస్టరమ్మగారి మీద నాకు కోపం లేదులే, ఆవిడ ఎన్ని చావు ఇళ్ళకి వెళ్ళిందో, ఏదో ఒకటి అనాలి కదా అని అలవాటైన మాట అనేసి ఉంటుంది. కానీ ఆ ఒక్క మాటకి నువ్వు ఇన్ని నెలల ఏడుపు లోపలే కుక్కుకున్నావు, అది మాత్రం నాకు బాధేసింది.

లాజరు సమాధి దగ్గర ఏం జరిగిందో నీకు సండేస్కూల్ నుంచి తెలుసు. ఒకసారి లాజరు తోబుట్టువు మార్త వైపు నుంచి చదువు. యేసు కనబడగానే మొదటి మాటే నిష్ఠూరం, నువ్వు ఇక్కడుంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదు అని. ఆయన నీ సహోదరుడు మరల లేస్తాడు అంటే, అంత్యదినమున లేస్తాడని నాకు తెలుసులే ప్రభువా అంటుంది. అంటే ఆవిడ క్యాటకిజం, అదే విశ్వాస పాఠం, కరెక్టే, నూటికి నూరు మార్కులు, అయినా గుండెలో మంట తగ్గలేదు. నువ్వూ ఇప్పుడు అక్కడే ఉన్నావు. ఆయన "పునరుత్థానమును జీవమును నేనే" అన్నది అలాంటి మనిషితోనే, సంతోషంగా పాడుతున్న మనిషితో కాదు. ఆ తర్వాత ఇంకో తోబుట్టువు మరియ ఏడుస్తూ వస్తే ఆయన కూడా ఏడ్చాడు. ఇంకాసేపట్లో లాజరుని బయటికి పిలవబోతున్నాడు, ఆ సంగతి ఆయనకి తెలుసు, తెలిసీ ఏడ్చాడు. ఎదురుగా ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకి అప్పుడు నొప్పిగా ఉంది కాబట్టి ఆయనకీ నొప్పేసింది, నాకు అర్థమైంది అంతే. లేపబోయేవాడే ఏడవగా లేనిది, నీ ఏడుపుకి విశ్వాసం తక్కువైపోతుందా చెప్పు.

మీది లూథరన్ సంఘం అన్నావు కాబట్టి ఇంకో సంగతి. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ అయ్యగారు అమెరికా నుంచి గుంటూరు రావడం, మీ తాతలు ఆ సంఘంలో కలవడం ఇవన్నీ ఇంట్లో చెప్పుకునే ఉంటారు. ఆ సంఘానికి ఎవరి పేరు పెట్టుకున్నారో, జర్మనీలో సంఘ సంస్కరణ మొదలుపెట్టిన ఆ మార్టిన్ లూథర్‌కి మాగ్దలేన అని కూతురు ఉండేది, 13 ఏళ్ళ పిల్ల, 1542 సెప్టెంబర్‌లో జబ్బుచేసి విట్టెన్‌బర్గ్‌లో తండ్రి చేతుల్లోనే ప్రాణం విడిచింది. ఆయన మంచం పక్కన మోకాళ్ళూని గట్టిగా ఏడ్చాడు, తల్లి కాతరీన అదే గదిలో దూరంగా నిలబడిపోయింది దగ్గరికి రాలేక. ఆ తర్వాత ఆయన అన్నది ఏంటంటే, ఆత్మలో సంతోషంగానే ఉన్నాను కానీ శరీరం మాత్రం దుఃఖంతో ఉంది, పిల్ల సమాధానంతో ఉందని తెలిసి కూడా ఇంత బాధపడటం వింతగా ఉంది అని. స్నేహితుడికి ఉత్తరం కూడా రాశాడు, మేం దేవునికి కృతజ్ఞతలు చెప్పాల్సిందే, కానీ ప్రేమ బలం ఎంతంటే ఏడవకుండా మావల్ల కావట్లేదు అన్న అర్థంలో. యూరప్ మొత్తాన్ని ఎదిరించి నిలబడిన మనిషికి తన ఇంట్లో ఆ మాట ఒప్పుకోడానికి సిగ్గనిపించలేదు. మన సంఘాల్లో సంస్కరణ దినం పండగ చేస్తాం, ఆయన సిద్ధాంతాలు చెప్పుకుంటాం, ఈ సంగతి మాత్రం ప్రసంగంలో రాదు ఎందుకో.

ఇంకా వెనక్కి వెళ్తే పాతకాలపు సంఘంలో పేరున్న బోధకుడు అగస్టీను ఉన్నాడు. 387లో రోమ్ దగ్గర ఓస్తియా రేవులో తల్లి మోనికా చనిపోయింది, ఆయన చేతులతోనే కళ్ళు మూశాడు. ఆయన కొడుకు, కుర్రాడు, ఘొల్లుమన్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకో ఊరుకో అని ఆపేశారు. విశ్వాసురాలు చనిపోతే ఏడుపులేంటి అని అందరి అభిప్రాయం, ఆయన అభిప్రాయం కూడా. సమాధి దగ్గర కూడా కన్నీళ్ళు రానివ్వలేదు. స్నానం చేస్తే మనసు తేలికవుతుందని ఎవరో చెప్పగా విని ఉన్నాడు, వెళ్ళి చేశాడు, ఏమీ తేలికవలేదు. పడుకుని లేచాక ఒంటరిగా ఉన్నప్పుడు కట్ట తెగింది. తర్వాత తన కథ రాసుకుంటూ ఇదంతా దాచకుండా రాశాడు, అమ్మ కోసం గంటలో కొంతసేపు ఏడ్చినందుకు ఎవరైనా తప్పు పడితే పట్టుకోండి అన్నట్టు. చూశావా, పాస్టరమ్మగారి మాట పదహారు వందల ఏళ్ళ నాటిది, దానికి జవాబు కూడా అప్పటిదే.

కాబట్టి ఏడువు. ఇంట్లో, చర్చిలో, తోటలో, ఎక్కడ వస్తే అక్కడ.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. పునరుత్థానం అంటే సంతోషం అంటారు, నాకెందుకు రావట్లేదు అని.

మనం ఈస్టర్ సంతోషాన్ని మైకులోంచి నేర్చుకున్నాం. తెల్లవారుజామున డ్రమ్స్, కీబోర్డ్, "హల్లెలూయా చెప్పాలి, ఇంకా గట్టిగా" అని స్టేజి మీంచి, చెప్పకపోతే రెండోసారి చెప్పించడం. అది తప్పనను, నాకూ ఇష్టమే ఆ హడావిడి. కానీ మొదటి ఈస్టర్ పొద్దున ఎవరి మొహంలోనూ అది లేదు. నాలుగు సువార్తల ఆఖరి అధ్యాయాలు ఈ వారంలో తీరిగ్గా చదువు, ప్రసంగం కోసం కాకుండా ఎవరెవరు ఎలా ఉన్నారో చూస్తూ చదువు. మార్కులో ఆడవాళ్ళు వణుకుతూ పారిపోయారు, భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదు. యోహానులో మగ్దలేనే మరియకి కన్నీళ్ళలో ఎదురుగా ఉన్నదెవరో కూడా తెలీలేదు, తోటమాలి అనుకుంది, నువ్వు ఆయన్ని మోసుకెళ్ళి ఉంటే ఎక్కడ పెట్టావో చెప్పు, నేను తీసుకెళ్తా అంది. ఒక్కత్తే, శవాన్ని ఎలా తీసుకెళ్తుంది పాపం, ఆ ఆలోచన కూడా లేదు. లూకాలో ఆడవాళ్ళు వచ్చి చెప్తే అపొస్తలులకి అవి వెర్రిమాటల్లా అనిపించాయి. మత్తయి మాత్రం ఒక్క ముక్క అంటాడు, వాళ్ళు "భయముతోను మహా ఆనందముతోను" సమాధి దగ్గర్నుంచి పరుగెత్తారని. రెండూ కలిసే. భయం పోయాక ఆనందం వచ్చింది అని రాయలేదు, రెండూ ఒకే కాళ్ళతో పరుగెత్తాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది లూకా 24లో ఉంది. ఆయనే వచ్చి మధ్యలో నిలబడ్డాడు, చేతులు కాళ్ళు చూపించాడు, అయినా వాళ్ళు "సంతోషముచేత ఇంకను నమ్మక" ఆశ్చర్యపడుతున్నారట. అప్పుడాయన ఏం చేశాడు, ప్రసంగం చెయ్యలేదు, తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు. కాల్చిన చేప ముక్క ఇస్తే వాళ్ళ ముందే తిన్నాడు. ఇంట్లో మనిషి ఊరినుంచి వచ్చినట్టే ఉంటుంది అక్కడ చదువుతుంటే.

తోమాని తీసుకో. మనం అవిశ్వాసి తోమా అని పేరు పెట్టి పక్కన పడేశాం. మిగతావాళ్ళు ప్రభువును చూశాం అని సంబరపడుతున్నారు, ఈయనకి ఏ సంబరమూ లేదు, గాయాలు చూస్తేనే, వేలు పెడితేనే అని కూర్చున్నాడు. ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ వాళ్ళతోనే ఉన్నాడు, అది గమనించు. వాళ్ళు నీకు సంతోషం రావట్లేదు కాబట్టి బయటికి పో అనలేదు, ఈయన కూడా మీరంతా నటిస్తున్నారు అని వెళ్ళిపోలేదు. తలుపులేసి ఉన్న ఆ గదిలోనే సంతోషం వచ్చినవాళ్ళూ రానివాడూ కలిసి తిన్నారు, కలిసి పడుకున్నారు. ప్రభువు మళ్ళీ వచ్చినప్పుడు తోమా కోసమే వచ్చినట్టు నేరుగా అతని దగ్గరికే వెళ్ళాడు. నీకు కావలసింది ఆ గదిలో చోటు. అది నీకు ఎప్పుడూ ఉంది, నెలలు పట్టినా ఉంటుంది.

తమ్ముడు అక్కడున్నది మట్టే కదా అన్నాడు చూడు, దాన్ని కొంచెం పట్టించుకోవాలి, ఎందుకంటే సంతోషం సంగతి దానిలోనే ఉంది. మనవాళ్ళలో చాలామంది ఏమనుకుంటారంటే చనిపోగానే ఆత్మ పరలోకానికి ఎగిరిపోయింది, అక్కడితో కథ అయిపోయింది, శరీరం ఒక పాత గుడిసె, వదిలేసి వెళ్ళిపోయారు అని. మరి ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో అందరం లేచి నిలబడి ఏమంటున్నాం? శరీర పునరుత్థానమును నమ్ముచున్నాను అంటున్నాం. శరీరం. మరణాన్ని పౌలు ఆత్మని విడిపించిన మిత్రుడు అనలేదు, కడపట నశించాల్సిన శత్రువు అన్నాడు, ఒకటో కొరింథీ పదిహేనులో. శత్రువు నీ ఇంట్లోకొచ్చి మీ అమ్మని తీసుకెళ్ళాడు, దానికి నువ్వు ఏడ్చావు, అందులో పౌలుకి అభ్యంతరం ఏముంటుంది. ఆ శత్రువు చేతిలో ఆ శరీరం శాశ్వతంగా ఉండిపోదు అన్నదే మన సువార్త. సమాధిలో పెట్టింది గోధుమ గింజ లాంటిది, మొలిచేది వేరే రూపంలో ఉంటుంది కానీ ఆ గింజదే అని ఆయనే వివరిస్తాడు.

లేచిన ప్రభువుకి మేకుల గుర్తులు పోలేదు, చూడు. తలుపులేసి ఉండగా లోపలికి రాగలిగిన శరీరం, చావు లేని శరీరం, ఆ గుర్తుల్ని మాత్రం ఉంచుకుంది. దానర్థం మీ అమ్మ ఫిస్టులా కూడా ఉంటుందని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు, ఎలాంటి శరీరం అని అడిగినవాణ్ణి పౌలు "ఓ అవివేకీ" అనేశాడు. కానీ ఇంతమాత్రం చెప్పొచ్చు, రెండేళ్ళు సూదులు గుచ్చించుకున్న చెయ్యి, అన్నేసి తెల్ల బట్టలకి అంచులు మడిచి కుట్టిన చెయ్యి, రోజూ రాత్రి నువ్వు పట్టుకుని చూసిన ఆ చెయ్యి, దేవుడు అక్కర్లేదని పారేసిన వస్తువు కాదు. మీ అమ్మ అంటే నీకు ఒక ఆత్మగా తెలీదు కదా, చేతులుగా, గొంతుగా, టీ వాసనగా తెలుసు. నీకు ఆ అమ్మే కావాలి, పాస్టరమ్మగారు చెప్పిన మహిమలో ఉన్న ఎవరో కాదు. పునరుత్థానం ఇచ్చే వాగ్దానం కూడా ఆ అమ్మ గురించే. ఇది అర్థమైన రోజు నాకు ఒక రకమైన సంతోషం తెలిసింది, గెంతులేసే రకం కాదు, నేను ఎంత గట్టిగా మిస్ అవుతున్నానో అంత గట్టిగా నా నమ్మకం కూడా ఉండొచ్చు, రెండిటికీ గొడవ లేదు అనే ధైర్యం. నిన్ను ఒక్కసారిగా నవ్వమనట్లేదు. నీ బెంగ తప్పు దిక్కుకి చూడట్లేదు అని మాత్రం చెప్తున్నా.

అదే పదిహేనో అధ్యాయం ఎలా ముగుస్తుందో చూడు. మరణమా నీ ముల్లెక్కడ అని అంత ఎత్తుకి వెళ్ళి, వెంటనే కిందికి దిగి, మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థము కాదు, పని చేసుకోండి అంటాడు. కుట్టిన బట్టలూ, కాచిన టీ కూడా ఆ ప్రయాసలోకే వస్తాయి, నాకైతే సందేహం లేదు.

రాత్రి రెండింటి ప్రశ్న గురించి ఎక్కువ రాయను. భయపడకు, అంతే. గలిలయ కొండ మీద లేచిన ప్రభువుని కళ్ళారా చూస్తూ మొక్కినవాళ్ళలోనే కొందరు సందేహించారని మత్తయి దాచకుండా రాశాడు. కల్పించి రాసేవాళ్ళు అలాంటి వాక్యం పెట్టుకోరు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ సాక్ష్యానికి పెద్ద విలువ ఇచ్చేవాళ్ళు కాదు, అయినా నాలుగు సువార్తలూ ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్ళే అంటాయి. పౌలు కొరింథుకి రాసేటప్పటికి సిలువ జరిగి పాతికేళ్ళు కూడా కాలేదు, అయిదు వందల మందికి పైగా చూశారు, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అంటాడు, అంటే కావాలంటే వెళ్ళి అడగండి అన్నట్టే కదా. ఇవన్నీ పగలు కాఫీ తాగుతూ ఆలోచించు. రాత్రి రెండింటికి ఎవరి బుర్రా పనిచెయ్యదు, అప్పుడు లేచి మంచినీళ్ళు తాగి పాప పక్కన పడుకో.

పాపకి మాట మార్చొద్దు. ఏడేళ్ళ పిల్లకి నువ్వు తప్పించుకుంటున్నావని తెలిసిపోతుంది, ఇదేదో మాట్లాడకూడని విషయం అనుకుంటుంది. "ఈ ఈస్టర్‌కి లేవదమ్మా. అమ్మమ్మ చనిపోయింది. యేసయ్య ముందు లేచాడు, ఆయన మళ్ళీ వచ్చిన రోజు అమ్మమ్మని కూడా లేపుతాడని మనం నమ్ముతున్నాం. ఆ రోజు ఎప్పుడో ఎవరికీ తెలీదు. నాకు కూడా అమ్మమ్మ గుర్తొస్తోంది" అని చెప్పు. చెప్తుంటే కళ్ళల్లో నీళ్ళొస్తే రానీ, ఏడుస్తూ కూడా నమ్మొచ్చని అది నీ దగ్గరే నేర్చుకుంటుంది. మళ్ళీ మళ్ళీ అడుగుతుంది, పిల్లలంతే, ప్రతిసారీ అదే జవాబు చెప్పు.

ఈస్టర్‌కి ఊరు వెళ్ళు. తోటకి కూడా వెళ్ళు. శనివారం సాయంత్రమే వెళ్తే ఇంకా మంచిది, అప్పుడు గడ్డి పీకేవాళ్ళు, సున్నం వేసేవాళ్ళు తప్ప పెద్దగా జనం ఉండరు, నీకు కావలసినంత సేపు కూర్చోవచ్చు. పాపని తీసుకెళ్ళి దాని చేత కూడా కాస్త సున్నం వేయించు. తెల్లవారి అందరూ కొవ్వొత్తులు పట్టుకుని వచ్చేసరికి ఆ చోటు నీకు కొత్తగా ఉండదు. టీ క్యాన్ ఇంట్లోనే ఉండి ఉంటుంది, చేసే ఓపిక ఉంటే చెయ్యి, లేకపోతే ఎవరో ఒక పిన్నికి అప్పజెప్పు. తెల్లారగట్ల సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి చేపలు కాల్చి, రాత్రంతా వలలేసి అలిసిపోయిన శిష్యుల్ని రండి తినండి అని పిలిచింది కూడా లేచిన ప్రభువే కదా, యోహాను 21లో. మీ అమ్మ ఏళ్ళ తరబడి చేసిన పని ఆ వరసలోదే. నిజానికి మీ ఊళ్ళో ఈస్టర్ ప్రసంగాల కంటే ఆ టీయే ఎక్కువమందికి గుర్తుండి ఉంటుందని నా అనుమానం, అయ్యగారు ఏమీ అనుకోకపోతే.

క్వయర్ విషయం. ఈ ఏడాది పాడలేనని ఇవాళే మెసేజ్ పెట్టు, చివరి నిమిషం దాకా నాన్చితే వాళ్ళకీ ఇబ్బంది. కారణాలు అక్కర్లేదు, "ఈసారి కింద కూర్చుంటా" అంటే చాలు. వాళ్ళు పాడతారు, నువ్వు విను. "లేచెను" అన్న చోట గొంతు పూడుకుపోతే పూడుకుపోనీ, ఆ ఒక్కరోజు నీ బదులు సంఘం పాడుతుంది, సంఘం ఉన్నది అందుకే. ఈస్టర్ ఒక్క పొద్దుతో అయిపోయేది కూడా కాదు, పెంతెకొస్తు దాకా యాభై రోజులు లెక్క. మన దగ్గర ఈస్టర్‌కి ముందు లెంట్ నలభై రోజులు సిలువ ధ్యానాలు, ఉపవాసాలు అని పట్టుదలగా చేస్తాం, ఆ తర్వాత యాభై రోజులు పునరుత్థానాన్ని ధ్యానిద్దాం అంటే ఎవరికీ గుర్తుండదు, సోమవారం నుంచే వేసవి సెలవుల బైబిల్ స్కూల్ పనుల్లో పడిపోతాం. పాతకాలంలో ఈ యాభై రోజులూ, ప్రతి ఆదివారమూ మోకాళ్ళూనకుండా నిలబడి ప్రార్థన చెయ్యాలని నియమం ఉండేది, 325లో సంఘ పెద్దలు కూడిన నైసియా సభ కూడా అదే ఖాయం చేసింది. ప్రభువు లేచి నిలబడ్డాడు కాబట్టి మేమూ నిలబడతాం అని. నీకు మాటలు రానప్పుడు అది చేసి చూడు. రోజూ పొద్దున వంటింట్లోనో బాల్కనీలోనో ఊరికే నిలబడు, ఏమీ అనకపోయినా ఫర్వాలేదు. మనసు రావడానికి టైం పట్టేటప్పుడు ఒంటిని ముందు పంపడం, అంతే.

మీ అత్తగారు నాకు నచ్చారు, అడిగిన తీరు నచ్చింది. మాకూ ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక ఉంటుంది అత్తయ్యా, పాటలు, ప్రార్థన, తర్వాత భోజనాలు, మీరు కూడా రావాలి అని చెప్పు. ఆవిడ నిన్ను ఏడవనిచ్చే మనిషే అనిపిస్తోంది, ఆవిడ దగ్గర కూడా కాస్త మనసు విప్పు.

ఇక తమ్ముడు. మట్టే అంటూనే గ్రానైట్ వేయిద్దాం అంటున్నాడంటే వాడికీ లోపల ఏదో తిరుగుతోంది, అది వాడికి మాటల్లో రావట్లేదు. మగపిల్లలకి మనవాళ్ళు ఏడుపుకి బదులు ఖర్చు నేర్పుతారు. వాడితో డబ్బు దగ్గర వాదన పెట్టుకోకు, ఎనభై వేలు నీకు భారమైతే భారమనే చెప్పు, ఏడాది అయ్యాక చూద్దాం, అప్పటిదాకా సిమెంటు చేయించి సున్నం వేద్దాం అను. కొత్త సమాధి మీద మట్టి ఒక వానాకాలం గడిస్తే గానీ సర్దుకోదు, ఇప్పుడు రాయి వేస్తే కుంగి పగులుతుందని ఏ మేస్త్రీని అడిగినా చెప్తాడు, కాబట్టి ఆగడానికి నీకు మంచి సాకు కూడా ఉంది. శనివారం తోటకి వెళ్ళేటప్పుడు వాణ్ణి కూడా లాక్కెళ్ళు, రానంటే సున్నం బకెట్ మొయ్యడానికి మనిషి లేడని చెప్పు.